నెలసరి ఆరోగ్యం – ప్రభుత్వ బాధ్యత

అన్నం, నీరు, వస్త్రం వలె స్త్రీకి తప్పనిసరిగా కావలసిన వస్తువు మరొకటి ఉంది. అది ఋతుస్రావ సమయంలో వాడే శానిటరీ న్యాప్‌కిన్. పన్నెండు, పదమూడేళ్ళ ప్రాయంలో మొదలై దశాబ్దాలపాటు సాగే నెలసరి వ్యాధి కాదు, అశుచి అంతకన్నా కాదు, అది శరీరధర్మం. అయినప్పటికీ దానిని గూర్చి మాట్లాడవలసివస్తే నేటికీ చాలామంది గొంతు తగ్గిస్తారు. దుకాణదారు ఆ పొట్లాన్ని కాగితంలో చుట్టి, నల్లకవరులో పెట్టి ఇస్తాడు. ఈ మౌనం వల్లనే ఇంతటి అవసరం ప్రభుత్వాల దృష్టికి ఆలస్యంగా వచ్చింది.

మొదటి అవరోధం ధర. ఒకరికి నెలకు 10 ప్యాడ్లు కావాలనీ, ఒక్కొక్కటి 5 రూపాయలనీ అనుకొందాం. తల్లి, ఇద్దరు కుమార్తెలు ఉన్న ఇంటికి నెలకు 150 రూపాయలవుతుంది. కూలిపై బతికే కుటుంబానికి ఇది భారమే. అందువలన పాతగుడ్డలే గతి అవుతాయి. శుభ్రంగా ఉతికి ఎండలో ఆరవేసిన నూలుగుడ్డ హానికరం కాదు. కాని సిగ్గుచేత చీకటి మూలల్లో ఆరవేసిన తడిగుడ్డ అంటురోగాలకు తావిస్తుంది.

ధర తగ్గించడానికి ప్రభుత్వం చేతిలో రెండు మార్గాలున్నాయి. ఒకటి పన్ను తొలగింపు. కెన్యా దేశం 2004లోనే ఈ పని చేసింది. మన దేశంలో 2017 జూలైలో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు న్యాప్‌కిన్లపై 12 శాతం పన్ను విధించారు. దేశవ్యాప్తంగా నిరసనలు వెల్లువెత్తగా 2018 జూలైలో దానిని తొలగించారు. అయితే ధర మాత్రం ఆ మేరకు తగ్గలేదు. మినహాయింపు పొందిన సరుకు తయారీదారు ముడిపదార్థాలపై తాను చెల్లించిన పన్నును తిరిగి పొందలేడు. ఆ భారం ధరలోనే కలిసిపోతుంది.

రెండవ మార్గం ప్రత్యక్ష సరఫరా. 2011లో కేంద్ర ఆరోగ్యశాఖ ఆశా కార్యకర్తల ద్వారా గ్రామీణ బాలికలకు ఆరు ప్యాడ్ల పొట్లాన్ని 6 రూపాయలకు అందించే పథకం ప్రారంభించింది. జన ఔషధి కేంద్రాలలో 2018లో రెండున్నర రూపాయలుగా ఉన్న ప్యాడ్ ధరను 2019 ఆగస్టులో ఒక రూపాయికి తగ్గించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పేరిట, ప్రభుత్వ విద్యాసంస్థలలో 7 నుండి 12వ తరగతి వరకు చదివే బాలికలకు నెలకు 10 చొప్పున ఉచితంగా ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. స్కాట్లాండ్ మరొక అడుగు ముందుకు వేసింది. అక్కడి పార్లమెంటు 2020 నవంబరులో ఆమోదించిన చట్టం ప్రకారం, అవసరమున్న ప్రతి ఒక్కరికీ ఇవి ఉచితంగా లభించాలి. 2022 ఆగస్టు నుండి అది పూర్తిగా అమలులోకి వచ్చింది. పథకం దయతో ఇచ్చేది, చట్టం హక్కుగా ఇచ్చేది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–24 ఏళ్ళ యువతులలో పరిశుభ్రమైన పద్ధతులు పాటించేవారు 77.3 శాతం. అంతకుముందు సర్వేలో వీరు 57.6 శాతమే. ఈ ప్రగతి హర్షణీయం. కాని పట్టణాల కన్నా గ్రామాలు ఇంకా వెనుకబడే ఉన్నాయి.

ప్యాడ్ చేతికి అందినంత మాత్రాన సమస్య తీరదు. మార్చుకోవడానికి తలుపు గడియ పడే మరుగుదొడ్డి, నీరు, వాడినదానిని పారవేసే ఏర్పాటు ఉండాలి. ఇవి లేని పాఠశాలలో బాలిక ఆ రోజులలో ఇంటివద్దనే ఉండిపోతుంది. తప్పిన పాఠాలు పేరుకొని, చివరకు చదువే ఆగిపోయే ప్రమాదముంది. సరఫరా ఒక నెల ఉండి, మరు నెల ఆగినా ఫలితం శూన్యమే. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, విద్యార్థినుల నెలసరి పరిశుభ్రతకు దేశమంతటికీ ఏకరూప విధానం రూపొందించవలసిందిగా కేంద్రాన్ని ఆదేశించింది.

విధానం ప్రభుత్వం చేయగలదు. మౌనాన్ని మాత్రం సమాజమే వీడాలి. మీ కళాశాలలో నీరు లేకపోతే అడగండి, ప్యాడ్లు రాకపోతే అడగండి. ఈ మాట అడగడం విద్యార్థినుల పని మాత్రమే కాదు, విద్యార్థుల కర్తవ్యం కూడా. సిగ్గుపడవలసింది శరీరధర్మానికి కాదు, దాని కారణంగా ఒక బాలిక చదువుకు దూరమైనప్పుడు.