తప్పిన ఆ ఒక్క బంతి

1991 సెప్టెంబరులో అమెరికాలోని కియావా ద్వీపంలో రైడర్ కప్ గోల్ఫ్ పోటీ జరిగింది. అది చివరి ఆట, చివరి హోల్. జర్మనీ క్రీడాకారుడు బెర్న్‌హార్డ్ లాంగర్ ఆరడుగుల దూరం నుంచి బంతిని హోల్‌లో వేస్తే కప్పు యూరప్ జట్టు దగ్గరే ఉంటుంది. బంతి పక్కనుంచి వెళ్లిపోయింది. కప్పు చేజారింది.

లాంగర్ తాపీమేస్త్రి కుమారుడు. చిన్ననాడే ఇతరుల గోల్ఫ్ సంచులు మోశారు, 15వ ఏట ప్రొఫెషనల్ అయ్యారు. 1985లో మాస్టర్స్ గెలిచాక బైబిలు అధ్యయన కూటంలో క్రీస్తును తెలుసుకున్నారు. అందుకే కియావా ఓటమి ఆయనను కూల్చలేదు. లోకంలో పరిపూర్ణుడు యేసు ఒక్కడే, ఆయననే సిలువ వేశారు, తాను తప్పింది ఒక్క బంతే కదా అన్నారాయన. మరుసటి వారమే జర్మన్ మాస్టర్స్ గెలిచారు. 1993లో ఈస్టర్ ఆదివారం నాడే రెండోసారి మాస్టర్స్ విజేతయ్యారు. 2024లో మడమ నరం తెగినా, అదే ఏడాది 67వ ఏట సీనియర్ల టూర్‌లో 47వ టైటిల్ సాధించారు.

ప్రియులారా, ఒక పరీక్ష, ఒక ఉద్యోగం, ఒక వ్యాపారం చేజారితే మనం ఏళ్ల తరబడి కుమిలిపోతాం. మన విలువ సిలువ దగ్గర ఏనాడో తేలిపోయింది. అది నమ్మితే మరుసటి వారం మళ్లీ మైదానంలోకి దిగగలం.