లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు

లీ-ఎన్‌ఫీల్డ్ అనేది బ్రిటిషు సైన్యం 1895 నుండి 1957 వరకు వివిధ రూపాలలో ప్రధాన ఆయుధంగా వినియోగించిన బోల్ట్ యాక్షన్ రైఫిలు. గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళాలు కావటం వలన భారతదేశంలో ఇది "త్రీ నాట్ త్రీ"గా ప్రసిద్ధి చెందింది. 1857 తిరుగుబాటుకు ఒక కారణమైన ఎన్‌ఫీల్డ్ తుపాకి వేరు. అది గొట్టం మూతి నుండి మందు కూరే 1853 నాటి నమూనా.

చరిత్ర

దీని బోల్టును, మ్యాగజైనును రూపొందించినది జేమ్స్ ప్యారిస్ లీ. 1888లో వచ్చిన లీ-మెట్‌ఫర్డ్ రైఫిలు గొట్టంలోని లోతు తక్కువ గాడులు, పొగరాని కార్డైటు మందు వేడికి త్వరగా అరిగిపోయేవి. లండను సమీపాన ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం లోతైన గాడులను రూపొందించింది. కొత్త రైఫిలుకు ఆ ఊరి పేరే వచ్చింది. బోయర్ యుద్ధం (1899-1902)లో బోయర్లు క్లిప్పు సాయంతో ఐదు తూటాలను ఒకేసారి తమ మౌజర్లలో నింపగలిగేవారు. బ్రిటిషు సైనికులు ఒక్కొక్కటిగా నింపవలసి వచ్చేది. ఈ లోపాన్ని సవరించి, గొట్టాన్ని కురుచ చేసిన నమూనాలు తరువాత వచ్చాయి. వాటిలో 1907 నాటి మార్క్ 3 ముఖ్యమైనది.

పనిచేయు విధానం

బోల్టు పిడిని పైకి తిప్పి వెనుకకు లాగితే ఖాళీ తూటా తొడుగు బయటపడుతుంది. ముందుకు నెట్టి కిందికి తిప్పితే కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. బోల్టును బంధించే గడియలు వెనుక భాగంలో ఉన్నందున దానిని లాగవలసిన దూరం తక్కువ. మ్యాగజైనులో 10 తూటాలు పడతాయి. జర్మను మౌజరులో పట్టేవి ఐదే. శిక్షణ పొందిన సైనికుడు నిమిషానికి 15 గుళ్ళు గురిచూసి పేల్చగలిగేవాడు.

యుద్ధాలలో వినియోగం

1914 ఆగష్టు 23న బెల్జియంలోని మాన్స్ వద్ద సంఖ్యలో తక్కువైన బ్రిటిషు దళాలు ఈ వేగంతోనే జర్మను సేనలను కొంతసేపు నిలువరించాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో నెం. 4 నమూనా విస్తృతంగా వాడబడింది.

భారతదేశంలో

1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ ఆజ్ఞపై 50 మంది సైనికులు ఈ రైఫిళ్ళతో సుమారు పది నిమిషాలలో 1,650 గుళ్ళు పేల్చారు. అంటే సగటున ఒక్కొక్కరు 33 గుళ్ళు, మూడు మ్యాగజైన్లకు పైగా. మృతులు 379 మందని హంటర్ కమిటీ తెలిపింది. కాంగ్రెసు విచారణ సంఘం అంచనా సుమారు 1,000.

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం ఈ రైఫిళ్ళను తయారుచేసింది. 1962 చైనా యుద్ధంలోనూ భారత సైనికుల చేతిలో ఉన్నవి ప్రధానంగా ఇవే. ఆ యుద్ధం తరువాత 7.62 మి.మీ. తూటాకు అనువుగా, మరింత దృఢమైన ఉక్కుతో 2ఎ, 2ఎ1 నమూనాలు ఇక్కడ తయారయ్యాయి. సైన్యం స్వయంచాలిత రైఫిళ్ళకు మారినా, పోలీసుల వద్ద .303 దశాబ్దాలపాటు కొనసాగింది. 2008 నవంబరు 26న ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఏకే-47లు ధరించిన ఉగ్రవాదులను ఎదుర్కొన్న పోలీసులలో కొందరి చేతిలో ఇవే ఉండటం తీవ్ర విమర్శకు గురయింది. ఉత్తర ప్రదేశ్ పోలీసు శాఖ 2020 జనవరి 26న గణతంత్ర దినోత్సవ కవాతులో దీనికి వీడ్కోలు పలికింది.