ముసురు పట్టిన ఆరో రోజు సోలార్ కెమెరా ఎందుకు నిద్రపోయింది?

కెమెరా పంపిన చివరి బొమ్మ సాయంత్రం 6 గంటల 42 నిమిషాలది. తోట పక్క డొంకదారిలో ఒక గేదె, దాని వెనక గొడుగు వేసుకున్న మనిషి, పైన బూడిదరంగు ఆకాశం. ఆ తర్వాత ఏమీ లేదు. మర్నాడు పొద్దున బోరు దగ్గరికి వెళ్లిన కుర్రాడు ఫోన్ చేశాడు. స్టార్టర్ పెట్టె నుంచి బోరు దాకా ఉన్న రాగి కేబుల్‌ను రాత్రి ఎవరో కోసుకుపోయారు.

నాన్న ఫోన్లో దొంగల్ని తిట్టలేదు. “ఫిజిక్స్ చదివావు కదమ్మా, జూలైలో మబ్బు పడుతుందని తెలీదా?” అన్నారు.

నూజివీడు దగ్గర మాకు కొంచెం మామిడి తోట ఉంది. ఇంటికి మూడు కిలోమీటర్ల దూరం. మోకాలి ఆపరేషన్ తర్వాత నాన్న రోజూ తోటకు వెళ్లడం మానేశారు. అక్కడ వ్యవసాయ ఫీడర్ కరెంటు రోజుకు 9 గంటలే. అంటే కెమెరా అసలు పని చేయాల్సిన రాత్రిపూట కరెంటు ఉండదు. అందుకే కిందటేడు ఫిబ్రవరిలో, చెట్లు పిందె మీద ఉండగా, సిమ్ కార్డుతో నడిచే ఒక సోలార్ కెమెరా కొన్నాను. మోటారు షెడ్డు దక్షిణపు గోడకు, చూరు కింద, నాలుగు మరలతో నేనే బిగించాను. ‘సోలార్ ప్యానెల్ దక్షిణానికి చూడాలి’ అని అందరూ చెప్పే మాటే కదా. పని ముప్పావు గంటలో అయిపోయింది. ఏప్రిల్‌లో కాయలు కోస్తూ ఇద్దరు పిల్లలు దొరికారు కూడా. ఆ వీడియో నాన్న ఊరందరికీ చూపించి నవ్వించారు.

కేబుల్ పోయాక గానీ నేను కాగితం, పెన్ను తీసుకోలేదు. ఆ లెక్క ఫిబ్రవరిలోనే వేయాల్సింది.

రాబడి ఎంత, ఖర్చు ఎంత

కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్-గంటలు. సోలార్ కెమెరా ప్రపంచంలో అది చాలా పెద్ద మొత్తం. ఇక్కడ లెక్కంతా ఒకట్లలో, పదుల్లోనే.

మా కెమెరా ప్యానెల్ 6 వాట్లది, ఒక చిన్న నోటుపుస్తకం అంత ఉంటుంది. ఆ 6 వాట్లు ప్రయోగశాల లెక్క. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగు పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉంటే వచ్చేది అది. రోజు మొత్తం పడిన ఎండను అలాంటి నిండు ఎండ గంటలుగా మార్చుకుంటే, మన దగ్గర మబ్బులేని రోజున దాదాపు ఐదు గంటలు వస్తుంది. ఐదు ఆర్లు ముప్పై. అందులో వేడికి కొంత, దుమ్ముకు కొంత, బ్యాటరీలోకి ఎక్కించడంలో కొంత పోతుంది. చేతికి వచ్చేది 20 వాట్-గంటలు అనుకోవచ్చు.

వేడి వాటా తక్కువేమీ కాదు. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్నది సగం నిజమే. సిలికాన్ సెల్ వేడెక్కేకొద్దీ డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, ఆరో వంతు అక్కడే పోతుంది.

ఇక ఖర్చు. కెమెరా ఎక్కువ సమయం నిద్రలోనే ఉంటుంది. మెలకువగా ఉండేది పీఐఆర్ సెన్సర్ ఒక్కటే. మనిషి ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాల తరంగదైర్ఘ్యం 9 నుంచి 10 మైక్రాన్ల దగ్గర అత్యధికంగా ఉంటుంది. తన ముందున్న దృశ్యంలో ఆ వేడి కదిలితే సెన్సర్ కెమెరాను తట్టి లేపుతుంది. ఈ కాపలాకూ, నెట్‌వర్క్‌తో సంబంధం తెగకుండా చూసుకోవడానికీ కలిపి 30 మిల్లీవాట్లు వేసుకుందాం. రోజుకు 0.7 వాట్-గంట. ఏమీ కాదు.

లేచాక మాత్రం కథ మారుతుంది. లెన్సు, ప్రాసెసర్, రాత్రయితే పరారుణ ఎల్ఈడీలు, అన్నిటికన్నా ముఖ్యంగా 4జీ రేడియో, అన్నీ కలిసి 4 వాట్ల దాకా లాగుతాయి. నిద్రలో తినేదానికి ఇది నూట ముప్పై రెట్లు. ఒక్కసారి లేచి, ఇరవై సెకన్ల వీడియో తీసి, పంపి, మళ్లీ పడుకోవడానికి అర నిమిషం అనుకుంటే 0.033 వాట్-గంట. ముప్పై సార్లు లేస్తే ఒక వాట్-గంట. ఇరవై నాలుగు గంటలూ ఆపకుండా తీస్తే దాదాపు 96. మన చేతికొచ్చే 20తో అది కుదిరే పని కాదు. డేటా విషయమూ అంతే. సెకనుకు 2 మెగాబిట్ల వీడియోను రోజంతా పంపితే 21.6 గిగాబైట్లు. ‘24 గంటల రికార్డింగ్’ అని పెట్టె మీద రాసి, పక్కన అరచేతంత ప్యానెల్ బొమ్మ వేసి ఉంటే, ఆ రెండూ ఒకేసారి నిజమయ్యే వీలు లేదని కొనేముందే గుర్తుంచుకోండి.

సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట రేడియో ఖర్చు ఇంకా పెరుగుతుంది. రైల్లో వెళ్తున్నప్పుడు ఫోన్ బ్యాటరీ తొందరగా అయిపోవడం మనందరికీ తెలిసిందే. టవర్ దూరమైతే రేడియో గొంతు పెంచుకోవాలి. కాబట్టి కెమెరా బిగించే చోట ముందుగా అదే సిమ్‌ను ఫోన్లో వేసి చూసుకోవడం మంచిది.

ఇంటి వైఫైకి కలిపే కెమెరా అయితే మరో చిక్కు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. వంద మీటర్ల దూరానికి అది సన్నటి గీతలా ప్రయాణించదు. మధ్యలో 1.8 మీటర్ల వ్యాసార్థంతో ఉబ్బిన గొట్టంలాంటి ఖాళీ కావాలి. రూటర్ కంటికి కనిపిస్తోంది కదా అనుకుంటాం. కానీ ఆ గొట్టంలోకి ఒక కొమ్మ వచ్చినా, వానకు ఆ ఆకులు తడిసినా సిగ్నల్ నీరసిస్తుంది.

దక్షిణపు గోడ మోసం

మబ్బు నాకు తెలియక కాదు. తెలిసీ పట్టించుకోనిది సూర్యుడి దారి.

నూజివీడు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన దేశంలో కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ఏ ఊళ్లోనైనా ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మాకు ఆ రోజులు మే మొదటి వారంలో ఒకటి, ఆగస్టు మొదటి వారంలో ఒకటి. ఆ రెండింటి మధ్య మూడు నెలలపాటు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. మధ్యాహ్నమే కాదు, ఉదయించేదీ అస్తమించేదీ కూడా ఉత్తరానికి జరిగిన చోటే. ఫలితంగా ఆ మూడు నెలలూ నిటారుగా ఉన్న దక్షిణపు గోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేరుగా ఎండ పడదు!

నేను ప్యానెల్ పెట్టింది ఆ గోడకే, అదీ చూరు కింద. ఫిబ్రవరిలో సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు కాబట్టి ఎండ చూరు కిందికి చక్కగా దూరి వచ్చింది. మే వచ్చేసరికి ప్యానెల్‌కు దక్కింది ఆకాశపు వెలుగు మాత్రమే. అందులోనూ సగం ఆకాశాన్ని గోడ, ఇంకొంత చూరు దాచేశాయి. యాప్‌లో చూస్తే మే రెండో వారం నుంచే బ్యాటరీ శాతం మెల్లగా దిగుతూ వచ్చింది. నేను వీడియోలు చూశాను గానీ ఆ గీత చూడలేదు.

‘ప్యానెల్ దక్షిణానికి’ అన్న సూత్రం తప్పు కాదు. చుట్టూ అడ్డు లేని మేడ మీద, ఏడాది మొత్తం రాబడికి అది సరైనదే. దాన్ని గోడకు అంటగట్టడమే నా పొరపాటు.

ఆచరణలో పనికొచ్చే మొదటి సిలికాన్ సోలార్ సెల్‌ను బెల్ ల్యాబ్స్ 1954లో ప్రపంచానికి చూపింది. నాలుగేళ్లకే, 1958లో, వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సోలార్ సెల్స్‌తో అంతరిక్షానికి వెళ్లి ఏళ్లపాటు రేడియో సంకేతాలు పంపింది. అక్కడ మబ్బుల్లేవు, చూరూ లేదు.

జూలై ఖాతా

ఇప్పుడు ఆ ఆరు రోజుల లెక్క. ముసురు పట్టిన రోజున నిండు ఎండ గంటలు ఒకటిన్నర వేసుకుందాం. ఆరుబయట ఉన్న ప్యానెల్‌కైతే నష్టాలు పోను 6 వాట్-గంటలు వచ్చేవి. చూరు కింద సగం, అంటే 3.

ఖర్చు మాత్రం ఫిబ్రవరిలోలా లేదు. కెమెరా డొంకదారి వైపు చూస్తోంది. వేసవిలో ఆ దారి ఖాళీ. వానలు పడగానే నాట్లకు వెళ్లేవాళ్లు, గేదెలు, ట్రాక్టర్లు. రోజుకు 150 సార్లకు తక్కువ కాకుండా లేచింది. దానికి 5 వాట్-గంటలు. నిద్రకు 0.7.

ఇంకొకటి ఉంది. అది నాన్నతో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. యాప్‌లో లైవ్ నొక్కి చూస్తున్నంతసేపూ కెమెరా 4 వాట్లు తింటూనే ఉంటుంది. పొద్దున కాఫీతో ఒకసారి, భోజనం అయ్యాక ఒకసారి, వాన జోరందుకుంటే మరోసారి, మొత్తం మీద రోజుకు నలభై నిమిషాలు నాన్న తోటను చూసుకుంటున్నారు. అది 2.7 వాట్-గంటలు. దొంగల కోసం కొన్న కెమెరా ఆయనకు తోటకు వెళ్లే కాళ్లయింది. ఆ సంగతి నేను అప్పటిదాకా ఊహించలేదు.

కూడితే ఖర్చు 8.4, రాబడి 3. రోజూ 5.4 లోటు. బ్యాటరీ 10,000 మిల్లీఆంపియర్-గంటలది. 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్-గంటలు, వాడుకోదగ్గది 30 అనుకుందాం. ముప్పైని 5.4తో భాగిస్తే ఐదున్నర. ముసురు పట్టిన ఆరో రోజు సాయంత్రం కెమెరా ఆగిపోయింది. ఇన్ని అంచనాల మీద వేసిన లెక్క ఇంత దగ్గరగా కుదరడం కొంత అదృష్టమే. మే నుంచీ తరుగుతున్న బ్యాటరీ ముసురు మొదలయ్యేనాటికి నిండుగా ఉండి ఉండదు. ఎక్కడో నేను ఖర్చు కాస్త ఎక్కువే వేసి ఉంటాను.

మళ్లీ బిగించినప్పుడు

ఆగస్టులో వెళ్లి ముందుగా ప్యానెల్‌ను కెమెరా నుంచి విడదీశాను. నిజానికి ఈ రెండింటినీ ఒకే చోట ఉంచడమే విరుద్ధం. ప్యానెల్‌కు ఎండ కావాలి, లిథియం బ్యాటరీకి నీడ కావాలి. 45 డిగ్రీలు దాటితే చాలా బ్యాటరీల రక్షణ సర్క్యూట్లు ఛార్జింగ్‌ను ఆపేస్తాయి. ఆపకపోతే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకని కెమెరా చూరు కిందే ఉంది, ప్యానెల్ రేకుల పైకి ఎక్కింది. మధ్యలో మూడు మీటర్ల తీగ. ఇది సన్నగా ఉండకూడదు. ఉన్న 5 వోల్టుల్లో అర వోల్టు దాకా దారిలోనే పోవచ్చు.

వాలు 15 డిగ్రీలు పెట్టాను. ఈ అక్షాంశంలో జూన్‌లో గానీ డిసెంబరులో గానీ మధ్యాహ్నపు ఎండలో నష్టం పది శాతం లోపే ఉంటుంది. మునుపటి 40 డిగ్రీల వాలుతో, చూరు లేకపోయినా, జూన్‌లో దాదాపు మూడో వంతు పోయేది. పూర్తిగా బల్లపరుపుగా పెడితే నీళ్లు నిలిచి దుమ్ము పేరుకుంటుంది. పక్షుల రెట్టను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క సెల్ మీద నీడ పడినా ఆ వరస మొత్తం కరెంటు తగ్గుతుంది.

తర్వాత కెమెరాను డొంకదారి నుంచి స్టార్టర్ పెట్టె వైపు తిప్పాను. ఖర్చు కోసం మాత్రమే కాదు. కార్డు తెరిచి చూస్తే నాట్లకు వెళ్లే ఆడవాళ్ల వీడియోలు వందల్లో ఉన్నాయి. వాళ్లెవరూ మమ్మల్ని కాపలా కాయమని అడగలేదు. అన్నీ తుడిచేశాను. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చాను. 2016లో ‘మిరాయ్’ అనే మాల్‌వేర్ ఇలా పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో వశం చేసుకుంది. మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. అంతకుముందు కొన్నవి ఇళ్లలో, తోటల్లో ఇంకా చాలా ఉన్నాయి.

కెమెరా ఎత్తు మూడు మీటర్లు. మనిషి దానికి ఎదురుగా నడిచి రాకుండా, దాని ముందు అడ్డంగా దాటేలా కోణం చూసుకోవాలి. పీఐఆర్ లెన్సు దృశ్యాన్ని పట్టీలుగా విడగొడుతుంది. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి వేడి దాటితేనే సెన్సర్‌కు బాగా తెలుస్తుంది. దీనికో బలహీనత ఉంది. అది చూసేది వేడిని కాదు, వేడిలో తేడాని. మే మధ్యాహ్నం నేల, గోడ, గాలి అన్నీ మనిషి ఒంటి వేడికి దగ్గరగా వచ్చేస్తే, ఎదుట నడుస్తున్న మనిషిని కూడా అది గుర్తుపట్టకపోవచ్చు. అదృష్టం కొద్దీ కేబుల్ దొంగలు ఆ ఎండలో రారు.

కొత్త లెక్కలో రోజు ఖర్చు 2 వాట్-గంటలు. నిద్రకు 0.7, ఇరవై మెలకువలకు 0.7, లైవ్‌కు 0.7. చివరిది పది నిమిషాల కోటా. నాన్న మొదట ఒప్పుకోలేదు. ముసురు రోజున రాబడి 6 ఉంటుందని, ఎండ కాసిన రోజున ఎంతసేపు చూసినా ఏమీ కాదని కాగితం మీద చూపించాక సరేనన్నారు.

ఈ జూలైలో మళ్లీ ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున నాన్న ఫోన్ చేశారు. “బ్యాటరీ 81 చూపిస్తోందమ్మా. ఇవాళ ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ చూసుకోవచ్చా? కొత్త చిగురు వేసినట్టుంది.”

“ఐదు చూసుకోండి నాన్నా” అన్నాను.