కొండకు తలుపు వేసెడి నెలలు

భువనగిరి కోటబండను ఎరుగనివారు తెలంగాణమున అరుదు. ఒకే శిలయై నిలిచిన ఆ కొండపై త్రాళ్ళ సాయమున బండలెక్కుట నేర్పుచుందురు. నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ తొలిపాఠములు నేర్చినది ఆ బండమీదనే. 2014 మే 25న, పదమూడేండ్ల ప్రాయమున, ఆ బాలిక ఎవరెస్టు శిఖరమును చేరినది. బండలెక్కుట పనిలేనివారి వేడుక యనుకొనుట పొరపాటని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

అయితే ప్రతి గుట్టయు భువనగిరి వంటిది కాదు. కొన్ని గుట్టలకు ఏటా కొన్ని నెలలు తలుపు వేయవలసి యుండును. పట్టణమునుండి వచ్చిన యువకులు రచ్చబండ వద్ద బండి నిలిపి గుట్టకు దారి అడిగినప్పుడు, “ఈ నెలలో పోరాదు” అని చెప్పవలసినవారు తరచుగా మన పంచాయతీ సభ్యులే. “ఎందుకు?” అన్న ప్రశ్న వెంటనే వచ్చును. దానికి సరియైన సమాధానము చెప్పగలిగిననాడే ఆ మాటకు విలువ యుండును.

మొదటి కారణము పక్షులు. నాటి ఆదిలాబాదు, నేటి కుమరంభీం ఆసిఫాబాదు జిల్లాలోని బెజ్జూరు అడవియందు పాలరాపు గుట్ట కలదు. 2013లో దాని నిట్టనిలువు చరియపై పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనుగొనబడినవి. ఊరిబయట పడవేసిన పశుకళేబరమును రాబందులు పూటలో శుభ్రము చేసిన దినములు మన పెద్దలకు జ్ఞాపకమే. 1990 తరువాత కొలది ఏండ్లలోనే దేశమంతట ఈ జాతి నూటికి తొంబదికి పైగా నశించినది. పశువులకు నొప్పి తగ్గుటకు వాడిన డైక్లోఫెనాకు మందు కళేబరముద్వారా రాబందు కడుపున చేరి, మూత్రపిండములను చెరచుటయే అందుకు ముఖ్యకారణమని 2004లో తేలినది. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించిరి. అట్టివే అయిన కీటోప్రొఫెను, అసిక్లోఫెనాకు మందులను 2023లో నిషేధించిరి.

మిగిలిన పక్షులు మరల పెరుగుట మిక్కిలి మెల్లనిపని. ఆడపక్షి ఏటికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. తల్లిదండ్రులిద్దరును వంతులవారీగా వారములకొలది పొదుగుదురు. పిల్ల యెగురుటకు మరి మూడు నెలలకు పైగా పట్టును. చలికాలము తొలినాళ్ళనుండి ఎండకాలమువరకు గూటిలో గ్రుడ్డో పిల్లయో ఉండును. చిక్కు ఏమనగా, బండ చల్లగా నుండి ఎక్కుటకు హాయియైన నెలలు కూడ అవియే. పైనుండి త్రాడు జారవిడిచి మనిషి దిగినచో పెద్దపక్షి లేచిపోవును. గ్రుడ్డు ఎండకు మాడును, లేదా కాకి పాలగును. రెక్కలు రాని పిల్ల బెదరి దూకినచో ఆ యేటి సంతానము అంతటితో సరి. ఎక్కినవాడు ఏ పక్షినీ ముట్టడు. తాను చేసిన హాని అతనికి తెలియనే తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మాత్రము అడవి పక్షుల గ్రుడ్లను, గూళ్ళను చెదరగొట్టుటను గూడ వేటగానే పరిగణించుచున్నది.

ఇట్టి మూసివేత ఫలించునా యన్న సందేహము సహజము. అమెరికాలోని యోసెమిటీ లోయ ప్రపంచమందలి బండలెక్కువారికి తీర్థక్షేత్రము వంటిది. అచ్చట గూళ్ళుకట్టు బైరిడేగలు డి.డి.టి. మందువలన పెంకు పలుచనై గ్రుడ్లు పగిలి, 1970 నాటికి కాలిఫోర్నియా రాష్ట్రమంతటను రెండు జంటలు మాత్రమే కానవచ్చినవి. 1972లో ఆ దేశము డి.డి.టి.ని నిషేధించినది. పలుచని గ్రుడ్లను తీసి, వేరుచోట పొదిగించిన పిల్లలను తిరిగి గూళ్ళయందు ఉంచుటకు బండలెక్కుటలో ఆరితేరినవారే త్రాళ్ళపై దిగిరి. 1999లో బైరిడేగను ఆపదలోనున్న జీవుల పట్టికనుండి తొలగించిరి. నేటికిని అచ్చట గూళ్ళున్న చరియలను మాత్రమే సాధారణముగా మార్చి 1నుండి జూలై 15వరకు మూసివేయుదురు. గూడు లేదని తేలిన చరియను గడువుకు ముందే తెరతురు. లోయ అంతయు మూయరు. ఈ చివరి అంశమును మన సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెనని మా మనవి.

రెండవ కారణము కార్చిచ్చు. ఇది మనుష్యుల ప్రాణములకు సంబంధించినది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా, కురంగణి కొండలలో నడకకు వెళ్ళినవారిని మంట చుట్టుముట్టినది. నిలువెత్తు ఎండుగడ్డి, ఏటవాలు, తప్పించుకొనుటకు దారి లేదు. ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది ఉద్యోగములు చేసికొనుచున్న యువతీయువకులు. మంట పల్లమునకంటె ఎగువకు వేగముగా పరుగిడును. వేడిగాలి ముందుగా పోయి పైనున్న గడ్డిని ఎండబెట్టి సిద్ధము చేయును. బండపై త్రాడుకు వ్రేలాడుచున్నవాడు క్రింద పొగ కనబడిన తరువాత దిగజాలడు, ఎక్కజాలడు.

మన అడవులలో ఫిబ్రవరినుండి జూన్‌లో వానలు పడువరకు అగ్గికాలము. మంట తనంత తాను పుట్టుట అరుదు. చాలవరకు మన చేతినుండియే పుట్టును. ఇప్పపూవు ఏరుటకు చెట్టుక్రింది ఆకులను కాల్చుట, తునికాకు చిగురు బాగుగా వచ్చునని పొదలను తగులబెట్టుట, ఆర్పని బీడీ, రాత్రి వంటకు పెట్టిన పొయ్యి ఇందుకు మూలములు. ఈ విషయమున పట్టణవాసులనే నిందించుట న్యాయము కాదు. ఇప్పచెట్టు క్రింద నేలను చీపురుతో ఊడ్చినను, పాతచీర పరచినను పూవు శుభ్రముగా చేతికి వచ్చును. తనవారి నిప్పును ఆపలేని ఊరు పొరుగువారిని ఆపబోయినచో నవ్వులపాలగును.

మంట ఆరిన తరువాత కూడ కొంతకాలము కొండ మూసియుండుటకు కారణము కలదు. కాలిన మ్రాను నిలిచియుండి గాలికి కూలును. వేళ్ళు కాలినందున పట్టుతప్పిన రాళ్ళు తొలివానకు దొరలును. పైకి చల్లబడినట్లు కనబడు బూడిదక్రింద నిప్పు దినములకొలది దాగియుండును.

ఇక పంచాయతీ చేయదగిన పని. ఒక గుట్ట పాదమున మేము చూచిన పలకపై “ప్రవేశము నిషేధము” అని మాత్రమే వ్రాసియున్నది. ఎప్పటినుండి, ఎప్పటివరకు, ఎందుకు అన్న ముక్క లేదు. ఎవరో దానిపై చొక్కాలు ఆరవేసిరి! ఏడాది పొడుగునా ఒకే మాట చెప్పు పలకను చదువువారుండరు. కావున రేంజి అధికారితో సంప్రదించి, ఏ చరియ, ఏ తేదీనుండి ఏ తేదీవరకు, గూటికొరకా అగ్గికొరకా అని స్పష్టముగా వ్రాయింపవలెను. మూయని గుట్ట దాపున నున్నచో దాని దారియు అచ్చటనే చూపుట మేలు. కాదన్న చోటికి బదులు మరియొక చోటు చూపిన ఊరితో తగవులాడువారు తక్కువ. తేనె, ఆకు, పూవు ఏరుకొను గిరిజనులకు 2006 నాటి అటవీహక్కుల చట్టము హక్కులనిచ్చినది. విహారమునకు వేసిన తలుపు వారి బ్రతుకుదారికి అడ్డుకారాదు. ఏ బండపై ఏ పక్షి ఎప్పుడు వ్రాలునో వారికి తెలిసినంత మరియెవరికిని తెలియదు గనుక, తేదీలు నిర్ణయించు సమావేశమునకు వారిని ముందు పిలువవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టముక్రింద ప్రతి పంచాయతీకి ఉండవలసిన జీవవైవిధ్య యాజమాన్య సమితి దస్తరమున ఆ గూళ్ళను వ్రాసికొనుటకు వీలున్నది. అయితే గూటి ఖచ్చితమైన చోటు పలకమీద వ్రాయరాదు.

భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహములు కనుగొన్న మంటల సమాచారమును పేరు నమోదు చేసికొన్నవారికి సెల్‌ఫోనుకు పంపుచున్నది. కార్యదర్శితోబాటు ఇద్దరు సభ్యులు ఫిబ్రవరికి ముందే నమోదు చేసికొనుట మంచిది. ఆ నెలలలో కొండదారిన పోవు బండి సంఖ్యను, మనుష్యుల లెక్కను, తిరిగివచ్చు వేళను ఊరి మొదటనే ఒక పుస్తకమున వ్రాయించినచో, పొగ లేచిననాడు ఎందరిని వెదకవలెనో తెలియును. పిల్లలు ఎగిరి గూళ్ళు ఖాళీయైనవని బీటు అధికారి చెప్పి, తొలివానలు పడిన తరువాత, పలకను అదే దినమున తీయించి, కొండ తెరచినట్లు కూడ చాటింపు వేయింపవలెను.