భిలాయిలో గడియారం జరిపితే ఎవరికి లాభం?

ఏటా రెండుసార్లు గడియారాలు మార్చుకోవడం అమెరికా తెలుగువారికి అలవాటే. మన దేశంలోనూ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, సమయాన్ని గంట ముందుకు జరిపారు. అదీ ఏడాది పొడవునా. ఋతువును బట్టి మార్చే పద్ధతి ఇప్పుడు పెడితే తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన ఉక్కునగరం భిలాయికి ఒరిగేదేమిటి?

వెలుతురు లెక్కన చూస్తే దాదాపు ఏమీ లేదు. 21 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న ఆ ఊళ్లో వేసవి పగటికీ చలికాలపు పగటికీ తేడా సుమారు రెండున్నర గంటలే. లండన్‌లో అది తొమ్మిది గంటలకు దగ్గర. భిలాయి కర్మాగారానికి తోడ్పడిన సోవియట్ యూనియన్ 1981లో ఈ పద్ధతి తెచ్చుకుంది. రష్యా 2011లో మానేసింది.

ఇక బ్లాస్ట్ ఫర్నేస్‌కు రాత్రీ పగలూ ఒకటే. ముల్లు ముందుకు జరిపిన రాత్రి షిఫ్టు ఏడు గంటలవుతుంది, వెనక్కి జరిపిన రాత్రి తొమ్మిది. ఆ తొమ్మిదో గంటకు ఓవర్‌టైమ్ కట్టాలా, ఏడు గంటల రాత్రికి జీతం కోయాలా అన్నది ముందు యాజమాన్యం, కార్మిక సంఘాలు కూర్చుని తేల్చుకోవాలి.