నీటితోటలో పసిమొక్కకు ఊతము

పెరడు లేని యింట మొక్కలు పెంచుట కుదరదని పూర్వము పెద్దలనెడివారు. నేడు హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరములలో మేడలమీద కాపురముండు సోదరీమణులు పలువురు మన్ను లేకయే, పోషకలవణములు కలిపిన నీటిలో కూరమొక్కలను పెంచుకొనుచున్నారు. ఈ పద్ధతికి హైడ్రోపోనిక్సు అని పేరు. 1937లో ఈ పేరును ప్రచారమునకు తెచ్చినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందలి గెరికీ పండితుడు. మన దేశమున 1946లో షాల్టో డగ్లసు అనునతడు కాలింపాంగు ప్రాంతమున దీనిని ప్రవేశపెట్టెను.

ఈ తోటలో విత్తు మొలచుట కష్టము కాదు. మొలచిన మొక్క కొలది దినములలోనే దారమువలె సన్నముగా సాగి, ప్రక్కకొరిగి, తుదకు నడుము విరిగి పడిపోవుటయే కష్టము. ఇట్లు రెండు మారులు జరిగినచో ఇల్లాలు విసిగి తొట్టిని అటక యెక్కించును. ఆ తొలిదినములు గడచినచో, తరువాతి సేవ సులభము. కావున పసిమొక్కను నిలుపు విధమును, రామములగ మొక్కను ఉదాహరణముగా గైకొని, ఇచట తెలుపుచున్నాము.

మన్ను మొక్కకు మూడు ఉపకారములు చేయును. ఆహారమిచ్చును, నీరిచ్చును, మొదలును నలుదెసల అదిమిపట్టి నిలుపును. నీటితోటలో మొదటి రెండింటిని మనము శ్రద్ధతో సమకూర్చెదము, మూడవదానిని మరచెదము. జల్లికుండీలోని కొబ్బరిపొట్టుగాని, కాల్చిన మట్టిగుండ్లుగాని వదులుగా నుండుటచే లేతకాండమునకు పట్టు చిక్కదు.

అయినను ఊతము పెట్టుటకు పూర్వము మొక్క యేల సాగినదో విచారింపవలెను. తరచుగా వెలుతురు చాలమియే దానికి కారణము. కిటికీకి దూరముగా నున్న మొక్క వెలుగును వెదకుకొనుచు పొడుగగును. ఆ పొడుగు బలము కాదు. విత్తు తల యెత్తిన నాడే దానిని వెలుతురునకు చేర్పవలెను. కిటికీ వెలుగు ఒక ప్రక్కనుండియే వచ్చును గనుక దినదినము కుండీని త్రిప్పుచుండవలెను. విద్యుద్దీపము వాడువారు దినమునకు 14 మొదలు 16 గంటలు వెలిగించి, తక్కిన కాలము చీకటి యుండనీయవలెను. రామములగకు విశ్రాంతియు అవసరమే. విత్తులు ఒత్తుగా పడినచో బలమైనదానిని ఉంచి, తక్కినవాటిని పెరుకక, కత్తెరతో మొదటికంట కత్తిరింపవలెను. పెరికినచో నిలిచినదాని వేళ్ళు కూడ కదలును.

ఇక ఊతము సంగతి. కొనవలసిన వస్తు వేదియు లేదు. కొబ్బరి యీనె నొకదానిని జానెడు పొడవున విరిచి, మరిగిన నీటిలో కొంతసేపు ఉంచి ఆరబెట్టవలెను. ఇట్లు చేసినచో బూజు పట్టు భయము తగ్గును. ఈనెను కాండమునకు ఆనించి గ్రుచ్చరాదు, వేళ్ళు తెగును. కుండీ అంచునకు దగ్గరగా నిలిపి, మెత్తని నూలుదారమును 8 అంకెవలె మెలివేసి, ఒక చుట్టు ఈనెకును, ఒక చుట్టు కాండమునకును వచ్చునట్లు కట్టవలెను. కాండము చుట్టునుండు ముడి చిటికెనవ్రేలు దూరునంత వదులుగా నుండవలెను. కట్టు బీజదళములకు కొంచెము దిగువ నుండుట మేలు. మొక్కను పట్టుకొనవలసి వచ్చినపుడు ఆకునే పట్టుకొనవలెను. ఆకు చెడినచో మరియొకటి వచ్చును. నలిగిన కాండము మరల రాదు.

రామములగకు మరియొక సులువు కలదు. దాని కాండము తడి తగిలినచోట క్రొత్త వేళ్ళు పుట్టించును. కావున సాగిన మొక్కను కుండీలో లోతుగా దింపి, బీజదళములవరకు కొబ్బరిపొట్టు నింపినచో అదియే ఊతమగును. లెట్యూసు వంటి ఆకుకూరల కిది పనికిరాదు. వాని నడినెత్తి పూడినచో కుళ్ళిపోవును.

ఊతము నిత్యము ఉండదగినది కాదు. గాలికి కొంచెముగా ఊగు మొక్క కాండము పొట్టిగను లావుగను పెరుగునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బిగించి కట్టిన మొక్కకు ఆ అభ్యాసము కలుగదు. నాలుగైదు నిజమైన ఆకులు వచ్చిన పిమ్మట దినమునకు రెండు మారులు అరచేతితో తలను మెల్లగా నిమిరి, కట్టును క్రమముగా వదులుచేసి తీసివేయవలెను. కాయ బరువు వచ్చినపుడు పెట్టు పెద్ద ఊతము వేరు సంగతి.

ఆహారవిషయమున తొందర కూడదు. బీజదళములు విచ్చువరకు విత్తులోని ఆహారమే చాలును. మంచినీరు తప్ప వేరేమియు వలదు. తరువాత డబ్బామీద వ్రాసిన మోతాదులో నాలుగవవంతుతో మొదలిడి, నెమ్మదిగా పెంచవలెను. నీటి పీహెచ్ 5.5కును 6.5కును నడుమ నుండవలెను. బియ్యపు కడుగును, పేడనీటిని తొట్టిలో పోయరాదు. మన్నులోని సూక్ష్మజీవులు వానిని మొక్కకు తగిన ఆహారముగా మార్చును; తొట్టిలో నవి మురిగి ప్రాణవాయువును హరించును.

వేళ్ళకు ప్రాణవాయువు అత్యవసరము. 20 డిగ్రీల వేడిగల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగా, 30 డిగ్రీలలో సుమారు ఏడున్నర మాత్రమే యుండును. కావున మన వేసవిలో తొట్టికి తడిగోనె చుట్టి నీడలో నుంచవలెను. క్రొత్తగా ప్రారంభించువారు వానలు వెనుకబట్టిన ఆశ్వయుజ, కార్తికములలో మొదలిడుట శ్రేయస్కరము. గాజుపాత్రయైనచో నల్లగుడ్డ చుట్టవలెను. లేనిచో పాచి పట్టును. గాలిపంపు లేని తొట్టిలో వేళ్ళు దిగినకొలది నీటిమట్టము తగ్గనీయవలెను. పై వేళ్ళు గాలిని పీల్చుచుండగా అంచువరకు నీరు నింపుట వానిని ముంచివేయుటయే.

తుదకొక్కమాట. కాండము మొదట నీరుకారినట్లు మెత్తబడి, నల్లబడి, సన్నగిల్లినచో అది బలహీనత కాదు, నారుకుళ్ళు తెగులు. దానికి ఏ యీనెయు ఆధారము కాజాలదు. జాలిచే నుంచినచో ప్రక్కమొక్కలకును పాకును. కుండీతో సహా తొలగించి, తొట్టిని కడిగి, క్రొత్తనీరు పోయుటయే కర్తవ్యము. తక్కిన పసిమొక్కలకు వెలుతురు, చల్లనినీరు, వదులైన కట్టు ఈ మూడును అమర్చినచో మన్నెరుగని తోటలోను రామములగలు పండి, సోదరీమణుల వంటయిండ్లకు చేరగలవని మా నమ్మకము.