డాక్టరు చదువుకు అదను ఎప్పుడు?

పిల్లలూ! "పెద్దయ్యాక ఏమవుతావు?" అని ఎవరైనా అడిగితే మీలో చాలామంది "డాక్టరునవుతాను" అంటారు. మంచిదే. అయితే ఆ మాట నోట రాగానే కొన్ని ఇళ్ళలో పెద్ద చర్చ మొదలవుతుంది. "అయితే ఆరో తరగతిలోనే హాస్టల్లో చేర్పించి, ఇప్పటినుంచే ఆ పరీక్షకు చదివించాలి" అంటారు ఒకరు. "ఇంకా పసివాడు, ఇంటర్మీడియెట్ అయ్యాక చూసుకోవచ్చులే" అంటారు మరొకరు. ఇద్దరూ మీ మేలు కోరేవారే. మరి ఎవరి మాట సరియైనది? వాదించుకోవటం కంటె లెక్క వేసి చూడటం మంచిది. రండి, ఆ లెక్క మనమే వేద్దాం.

ముందు ఆ పరీక్ష ఏమిటో తెలుసుకోవాలి. మన తెలుగునాట 1986లో ఎంసెట్ అనే ప్రవేశ పరీక్ష మొదలయింది. చాలా ఏళ్ళపాటు దాని ద్వారానే వైద్య కళాశాలలలో సీట్లు ఇచ్చేవారు. 2017 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కూడా "నీట్" అనే పరీక్ష ద్వారా ఇస్తున్నారు. ఇది దేశమంతటికీ ఒకటే పరీక్ష. తెలుగుతో సహా 13 భాషలలో దీన్ని రాయవచ్చు.

2025లో జరిగిన నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు ఇచ్చారు. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45, జీవశాస్త్రంలో 90. కాలం మూడు గంటలు, అంటే ప్రశ్నకు ఒక్క నిమిషమే! సరియైన జవాబుకు 4 మార్కులు వస్తాయి. తప్పు జవాబు గుర్తిస్తే ఒక మార్కు పోతుంది. వదిలివేసిన ప్రశ్నకు రావటమూ లేదు, పోవటమూ లేదు. ఒక విద్యార్థి 150 ప్రశ్నలకు జవాబులు గుర్తించాడనుకోండి. అందులో 130 సరియైనవి, 20 తప్పు. అప్పుడు 520 మార్కులలోనుంచి 20 తీసివేసి, 720కి 500 మార్కులు ఇస్తారు. గనక ఏదో ఒకటి గుర్తించి వస్తే చాలదు, తెలిసి గుర్తించాలి.

ఇక మన లెక్కకు వద్దాం. వైద్య కళాశాలలో చేరే ఏడు డిసెంబరు 31 నాటికి విద్యార్థికి 17 ఏళ్ళు నిండి ఉండాలి. ప్రశ్నలన్నీ 11, 12 తరగతుల పాఠాలనుంచే వస్తాయి. మనవైపు ఆ రెండు తరగతులనే ఇంటర్మీడియెట్ అంటాం. పదిహేడులోనుంచి ఈ రెండేళ్ళూ తీసివేయండి. పదిహేను మిగిలింది! అంటే పదో తరగతి ముగించి, బైపీసీలో చేరే వయసన్నమాట. కాబట్టి పరీక్షకోసం చదవటం మొదలుపెట్టవలసినది ఇంటర్మీడియెట్ మొదటి ఏడు మొదటి వారంలో. ఇదీ మన లెక్కకు వచ్చిన జవాబు.

"రెండో ఏడు గట్టిగా చదువుదాం, మొదటి ఏడు ఎలాగో గడిపేద్దాం" అనుకునేవారు కొందరుంటారు. ప్రశ్నలు రెండేళ్ళ పాఠాలనుంచీ వస్తాయని వారు మరచిపోతారు. మొదటి ఏడు పోగొట్టుకుంటే సగం పరీక్ష పోగొట్టుకున్నట్టే.

"సరే, పదిహేనేళ్ళకు మొదలుపెడితే చాలు గదా, పదకొండేళ్ళకే మొదలుపెడితే మరీ మంచిది కాదా?" అని మీరు అడగవచ్చు. ఇక్కడే అసలు సంగతి ఉన్నది.

ఇంటర్మీడియెట్ పాఠాలు గాలిలో నిలబడవు, కింది తరగతుల పాఠాలమీద నిలబడతాయి. ఒక బంతిని ఏటవాలుగా పైకి విసిరితే ఎంత దూరంలో పడుతుంది? ఈ లెక్క భౌతికశాస్త్రంలో వస్తుంది. దాన్ని చేయటానికి సైన్, కొసైన్ అనేవి తెలియాలి. అవి పదో తరగతి గణితంలో నేర్పుతారు. రసాయనశాస్త్రంలో మోల్ అనే కొలత వస్తుంది. నిష్పత్తులూ, పది ఘాతాలూ రానివారికి అది ఎప్పటికీ కొరకరాని కొయ్యే. ఆరో తరగతి పిల్లవాడిచేత ఈ సూత్రాలు వల్లె వేయించవచ్చు. చిలక కూడా వల్లె వేస్తుంది. కాని ప్రశ్నలో ఒక్క అంకె మార్చి అడిగితే చిలక జవాబు చెప్పలేదు.

పైగా అర్థం కాకుండా బట్టీ పట్టినది ఎంతకాలం నిలుస్తుంది? హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఈ విషయం తనమీదనే పరీక్షించుకున్నాడు. అర్థంలేని చిన్న చిన్న అక్షర గుంపులు తయారుచేసి, వాటిని వరుసగా కంఠస్థం చేసి, కొంతకాలం ఆగి మళ్ళీ నేర్చుకునేవాడు. రెండోసారి ఎంత శ్రమ కలిసివచ్చిందో లెక్కకట్టేవాడు. ఒక రోజు ఆగితే మొదటి శ్రమలో మూడింట ఒక వంతు మాత్రమే కలిసివచ్చింది. నెల ఆగితే అయిదింట ఒక వంతు! 1885లో ఆయన ఈ ఫలితాలను పుస్తకంగా ప్రకటించాడు. నెల రోజులకే ఇంత కరిగిపోతే, ఆరో తరగతిలో బట్టీ పట్టినది ఆరేళ్ళ తరవాత జరిగే పరీక్షదాకా ఎంత మిగులుతుందో మీరే ఊహించండి.

ఎబ్బింగ్‌హౌస్ ఇంకో మంచి సంగతి కూడా కనిపెట్టాడు. పన్నెండేసి అక్షర గుంపుల వరుసను ఒకే రోజున 68 సార్లు వల్లించినందువల్ల కలిగిన లాభం, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లిస్తేనే కలిగింది. అంటే కాస్త కాస్తగా, విడతలు విడతలుగా చదివితే సగానికి కొంచెం ఎక్కువ శ్రమతోనే పని అవుతున్నది. చివరి నెలలో రాత్రింబగళ్ళు చదివేవాడికంటె రెండేళ్ళూ రోజూ కాస్త చదివేవాడు ఎందుకు గెలుస్తాడో దీనివల్ల తెలుస్తున్నది గదా!

ఇది మీరు కూడా పరీక్షించి చూడవచ్చు. మీకు తెలియని పది ఇంగ్లీషు మాటలూ, వాటి అర్థాలూ ఒక కాగితంమీద రాయండి. మరో పది మాటలు ఇంకో కాగితంమీద రాయండి. మొదటి పట్టీని సోమ, మంగళ, బుధవారాలలో రోజుకు రెండేసి సార్లు చదవండి. రెండో పట్టీని ముట్టుకోకుండా ఉంచి, బుధవారంనాడే ఆరుసార్లు చదవండి. రెండూ ఆరేసి సార్లు చదివినట్టే. వచ్చే బుధవారం కాగితాలు చూడకుండా అర్థాలు రాయండి. ఏ పట్టీలోవి ఎక్కువ జ్ఞాపకమున్నాయో లెక్కపెట్టండి.

అమెరికాలో 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగం కూడా ఆలోచించదగినదే. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, మూడుసార్లు పుస్తకం మూసి జ్ఞాపకమున్నది రాశారు. అయిదు నిమిషాల తరవాత అడిగితే నాలుగుసార్లు చదివినవారే బాగా చెప్పారు. కాని వారం తరవాత అడిగేసరికి తారుమారయింది! నాలుగుసార్లు చదివినవారికి నూటికి 40 వంతులు జ్ఞాపకమున్నది. పుస్తకం మూసి రాసినవారికి 61 వంతులు. కనక చదివిన తరవాత పుస్తకం మూసి "ఏమి చదివాను?" అని తనను తాను అడుక్కునేవాడు తెలివైనవాడు.

మరి ఆరో తరగతినుంచి పదో తరగతివరకు చేయవలసినది ఏమీ లేదా? ఎందుకు లేదు! రైతును చూడండి. తొలకరి పడకముందే విత్తనాలు చల్లడు. చల్లితే పిట్టల పాలవుతాయి. అలాగని చేతులు ముడుచుకునీ కూచోడు. వేసవి దుక్కి దున్ని, పొలం సిద్ధంచేసి ఉంచుతాడు. మీకు ఈ అయిదేళ్ళూ వేసవి దుక్కి కాలం.

ఈ దుక్కిలో నాలుగు చాళ్ళున్నాయి. మొదటిది లెక్కలు. నీట్ పరీక్ష హాలులోకి లెక్కల యంత్రం తీసుకుపోనివ్వరు. కూడికలూ, గుణకారాలూ, దశాంశాలూ కాగితంమీదా, మనసులోనూ వేగంగా చేయటం ఇప్పుడే అలవాటు కావాలి. 25ను 16తో హెచ్చవేయమంటే మీరు ఎంతసేపు తీసుకుంటారు?

రెండోది చదివినదాన్ని సొంత మాటలలో చెప్పటం. ఇవాళ బడిలో విన్న పాఠాన్ని సాయంకాలం అమ్మకో, తాతయ్యకో చెప్పండి. వారికి అర్థమయితే మీకూ అర్థమయినట్టు. ఎక్కడ తడబడ్డారో అక్కడ మళ్ళీ పుస్తకం తెరవండి.

మూడోది కళ్ళు తెరిచి చూడటం. మణికట్టుమీద వేళ్ళు పెట్టి అర నిమిషంలో నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కించి, దాన్ని రెట్టింపు చేయండి. తరవాత వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చి మళ్ళీ లెక్కించండి. ఎన్ని నిమిషాలకు అది మొదటి అంకెకు దిగివచ్చిందో రాసుకోండి. శనగ గింజనూ, మొక్కజొన్న గింజనూ రాత్రంతా నానబెట్టి చూడండి. శనగ రెండు బద్దలుగా విడిపోతుంది, మొక్కజొన్న విడిపోదు. ద్విదళ బీజం, ఏకదళ బీజం అనే మాటలు పుస్తకంలో కనిపించినప్పుడు మీకు అవి పాత స్నేహితుల్లాగా ఉంటాయి.

నాలుగోది భాష. వైద్య కళాశాలలో పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే జరుగుతాయి. రోజూ ఒక పేజీ తెలుగూ, ఒక పేజీ ఇంగ్లీషూ చదవండి. కిరణజన్య సంయోగక్రియ అన్నా ఫోటోసింథసిస్ అన్నా ఒకటేనని తెలిసినవాడు ఏ భాషలో ప్రశ్న వచ్చినా బెదరడు.

వీటికి హాస్టలు అక్కరలేదు, రాత్రి పన్నెండు గంటలదాకా మేలుకోవటమూ అక్కరలేదు. ఆరునుంచి పన్నెండేళ్ళ పిల్లలు రోజుకు 9 మొదలు 12 గంటలూ, పదమూడునుంచి పద్ధెనిమిదేళ్ళవారు 8 మొదలు 10 గంటలూ నిద్రపోవాలని వైద్యులు చెబుతారు. పగలు నేర్చినది మనసులో కుదురుకోవటానికి నిద్ర కావాలి. డాక్టరు కావటానికి డాక్టర్ల మాట విననివాణ్ణి ఏమనాలి?

ఇంటర్మీడియెట్‌లో చేరాక పని పెరుగుతుంది. ఏ రోజు పాఠం ఆ రోజు చదవాలి. వారానికొకసారి పుస్తకం మూసి రాసుకోవాలి. నెలకొకసారి పాత పాఠాలు తిరగవేయాలి. చివరి నెలలలో పాత ప్రశ్నపత్రాలు తీసుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, మూడు గంటలు కూచుని రాయాలి. తప్పు పోయిన ప్రశ్నలకు ఒక నోటుబుక్కు పెట్టుకుంటే, అదే అన్నిటికంటె మంచి గురువు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. 2025లో నీట్ పరీక్ష 22 లక్షలమందికి పైగా రాశారు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెం పైన మాత్రమే ఉన్నాయి. సమయానికి మొదలుపెట్టి, శ్రద్ధగా చదివినవారిలో కూడా చాలామందికి మొదటిసారి సీటు రాదు. అది సిగ్గుపడవలసిన విషయం కాదు. మరుసటి ఏడు మళ్ళీ రాయవచ్చు, లేదా నర్సింగు, ఫార్మసీ, వ్యవసాయం వంటి మరో మంచి చదువులో చేరవచ్చు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఆ తరవాత ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళి, శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్క్ అనే ఆయనతో కలిసి కనిపెట్టాడు. ఆయన నడిపిన పరిశోధనలనుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందును ఈనాటికీ కొన్ని రకాల కాన్సరుకూ, కీళ్ళ జబ్బుకూ వాడుతున్నారు. మూడోసారి పరీక్ష రాయటానికి ఆయన సిగ్గుపడి ఉంటే ఈ మందు సంగతి ఏమయ్యేదో!

ఇప్పుడు చెప్పండి, చర్చలో ఎవరు గెలిచారు? "ఇప్పటినుంచే" అన్నవారి మాట దుక్కికి సరిపోతుంది, విత్తటానికి సరిపోదు. "తరవాత చూసుకుందాం" అన్నవారి మాట పరీక్షకు సరిపోతుంది, కాని ఇంటర్మీడియెట్ అయ్యేదాకా ఆగితే అదను దాటిపోతుంది. మీ ఇంట్లో ఈ చర్చ వస్తే, ఈ లెక్క మీ పెద్దలకు చూపించండి. చూపించి, మీ నాడి మీరు లెక్కపెట్టుకోవటానికి వీధిలోకి పరుగెత్తండి!